పన్నెండు గుడ్లు, ఒక్క పిల్ల

మూడో పీరియడ్ సగంలో ఉండగా పోస్ట్‌మన్ ఐదో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒక అట్టపెట్టెను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని పట్టుకున్నాడు. మీసాలు నెరిసిన ఆయన్ని పిల్లలందరూ పోస్టు తాత అంటారు. ఉత్తరాలైతే ఆఫీసు గదిలో ఇచ్చి వెళ్లిపోయేవాడు. ఈ పెట్టె మీద మాత్రం "గుడ్లు, కుదపకండి" అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. అందుకే మెట్లెక్కి తానే తీసుకొచ్చాడు.

సైకిలు క్యారియర్ మీద పెడితే గుంతల్లో ఎగిరిపడుతుందని, పెట్టెను చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో సైకిలు నడిపించుకుంటూ వచ్చానని సైన్స్ టీచరుతో చెప్పాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. టీచరు ఆయనకు మంచినీళ్లు ఇప్పించింది.

పెట్టెలో పన్నెండు గుడ్లున్నాయి. ఎక్కడో దూరంగా మచ్చల కోళ్లు పెంచే ఒకావిడ వాటిని బడికి పంపింది. ఒక్కొక్కదాన్నీ మెత్తటి బట్టముక్కలో చుట్టింది. ఒక్కటి కూడా చిట్లలేదు. టీచరు వాటిని సన్నటి కొన కిందికి వచ్చేలా ట్రేలో నిలబెట్టింది.

"వీటిని ఎవరూ ముట్టుకోకూడదు. రేపు మధ్యాహ్నం దాకా వీటికి విశ్రాంతి" అంది.

గుడ్లకు విశ్రాంతి ఏమిటని పిల్లలు నవ్వారు. టీచరు నవ్వలేదు. గుడ్డు లావు వైపు లోపల చిన్న గాలి గది ఉంటుందని, పిల్ల తన తొలి ఊపిరి అక్కడే తీసుకుంటుందని చెప్పింది. మూడు రోజుల ప్రయాణంలో ఆ గది కుదుపులకు వదులై ఉంటుంది. ఒక రోజు కదలకుండా ఉంచితే సర్దుకుంటుంది. ఆ తర్వాతే వాటిని ఇంక్యుబేటర్‌లో, అంటే వెచ్చగా పొదిగే పెట్టెలో పెట్టాలి.

ఈ గుడ్ల పనికి లీడరు పదేళ్ల అమ్మాయి. ఒక్క చోట నిమిషం కూర్చోదు కనుక ఇంట్లోనూ బళ్లోనూ అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా రాస్తుంది. ఇంక్యుబేటర్ వేడి రోజూ చూసి చార్టులో రాసే పనిని, సైన్స్ గది తాళంచెవిని టీచరు ఆ అమ్మాయికే అప్పగించింది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిచ్చుక, గుడ్ల ట్రే ఉంచిన సైన్స్ గది తాళం తీసింది. ముందే వేడెక్కడానికి పెట్టిన ఖాళీ ఇంక్యుబేటర్ వేడి చూసి రాయడానికి అర నిమిషం పట్టింది. వెళ్లిపోవచ్చు. కానీ గుడ్లు అక్కడే ఉన్నాయి.

ఒక్కటి చూస్తాను, ఒక్కటంటే ఒక్కటి, అనుకుంది. మెల్లగా తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ వినిపించలేదు. కొంచెం ఊపింది. ఇంకొంచెం గట్టిగా ఊపింది. లోపల ఏదో గుళుక్కుమంది.

పిచ్చుక గుండె ఝల్లుమంది. పిల్ల కదిలిందనే అనుకుంది. రెండో గుడ్డులోనూ ఉందా? మూడో దాంట్లో? గంట కొట్టేసరికి పన్నెండూ ఊపి చూసేసింది. ఎలా ఉన్నవాటిని అలాగే నిలబెట్టి, చేతులు గౌనుకు తుడుచుకుంది. ట్రే అంతకుముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఎవరికీ తెలియదులే అనుకుంది.

నిజంగానే ఎవరికీ తెలియలేదు.

గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టిన ఏడో రోజున టీచరు కిటికీలు మూయించి, ఒక్కో గుడ్డు కింద టార్చిలైటు పెట్టి చూపించింది. ఒకే ఒక్క గుడ్డులో సన్నటి ఎర్ర నరాలు చెట్టు వేళ్లలా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య నల్లటి చుక్క కొట్టుకుంటోంది. మిగతా పదకొండింటిలో పచ్చటి వెలుగు తప్ప ఏమీ లేదు. గాలి బుడగ మాత్రం ఊడిపోయి అటూ ఇటూ దొర్లుతోంది.

టీచరు ముఖం చిన్నబోయింది. దారిలో ఎవరో బాగా కుదిపేసినట్టున్నారని అంది.

పిచ్చుకకు 'నేనే' అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఇంతలో వెనక బెంచీ అబ్బాయి, పోస్టు తాత ఎక్కడో పడేసి ఉంటాడన్నాడు. అవునవునని నలుగురు గొంతు కలిపారు. గొంతు దాకా వచ్చిన మాట మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

టీచరు గుడ్లు పంపినావిడకు ఫోన్ చేసింది. ఎప్పటిలాగే కట్టానని, అయినా తన కట్టడంలోనే లోపం ఉందేమోనని ఆవిడ నొచ్చుకుంది. ఆ రోజే టీచరు పోస్టాఫీసుకు ఫిర్యాదు రాసింది. దాన్ని కవరులో పెట్టి అంటించడం పిచ్చుక చూస్తూనే ఉంది.

ఇరవై ఒకటో రోజున ఒక్క గుడ్డు పగిలింది. పిల్ల బయటికి రావడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈకలు ఆరాక అది నిలబడి అరవడం మొదలుపెట్టింది. ఎవరైనా పక్కన చెయ్యి పెడితే ఊరుకుంటుంది. తీసేస్తే మళ్లీ అరుస్తుంది. దీపం కింద అట్టపెట్టెలో నాలుగు మూలలకూ వెళ్లి వెతుకుతుంది. అక్కడ ఎవరూ ఉండరు.

చప్పట్లు కొట్టినవాళ్లలో పిచ్చుక లేదు.

మూడో నాడు పోస్టు తాత వచ్చాడు. ఈసారి చేతిలో పార్శిల్ లేదు. ఫిర్యాదుకు రాతపూర్వకంగా జవాబివ్వమని ఆఫీసరు అడిగారట. ఏం జరిగిందో కనుక్కుందామని వచ్చానన్నాడు. అట్టపెట్టెలోకి వంగి చూశాడు.

"పన్నెండింటికి ఒక్కటేనా" అన్నాడు.

పిల్లల వైపు తిరిగాడు.

"బడి ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర సైకిలు ఎత్తాల్సి వచ్చింది. అప్పుడు పెట్టె ఓ పక్కకి ఒరిగింది. అదే అయ్యుంటుంది. నా వల్లే పోయినట్టున్నాయి, ఏమనుకోకండి పిల్లలూ."

పిచ్చుక చార్టు మీదికి వంగి, రాసిన అంకె మీదే మళ్లీ మళ్లీ దిద్దుతూ కూర్చుంది. తల ఎత్తేసరికి ఆయన వెళ్లిపోయాడు.

సాయంత్రం అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తుంటే పిచ్చుక పక్కన చేరింది. ఎవరిమీదైనా ఫిర్యాదు చేస్తే వాళ్ల ఉద్యోగం పోతుందా అని అడిగింది. అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"తప్పు చేయకపోతే ఎందుకు పోతుంది? కాకపోతే చేయలేదంటే నమ్మేవాళ్లుండాలి కదే. ఎవరి సంగతి?"

ఎవరిదీ కాదని చెప్పి పిచ్చుక లోపలికి వెళ్లిపోయింది. ఆయన ఎప్పుడూ 'చేయలేదు' అని అననేలేదు. చేశానేమో అన్నాడు. అదే పదే పదే గుర్తుకొచ్చింది.

మర్నాడు మొదటి గంట కొట్టకముందే బడికి వెళ్లింది. టీచరు కోడిపిల్లకు నీళ్లు మారుస్తోంది.

"టీచర్, పోస్టు తాత కాదు. నేను ఊపాను. పన్నెండూ ఊపాను."

టీచరు స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏడో రోజే ఎందుకు చెప్పలేదని అడిగింది.

"అందరూ తాతే అన్నారు. ఇంక నేను చెప్పక్కర్లేదనిపించింది."

టీచరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది పిచ్చుకకు.

"నేనూ ఎవర్నీ అడక్కుండానే ఆ కాగితం రాసేశాను" అంది టీచరు. "సాయంత్రం ఇద్దరం వెళ్దాం."

పోస్టాఫీసులో ఆఫీసరు ఫైలు తీసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు టీచరు చేత రాయించుకున్నాడు. పోస్టు తాత ఇంకా తిరిగి రాలేదు. ఇద్దరూ గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నారు. ఐదింటికి ఆయన ఖాళీ సంచితో లోపలికి వచ్చి, వీళ్లను చూసి ఆగిపోయాడు. మళ్లీ ఏం ముంచుకొచ్చిందో అన్నట్టు చూశాడు. టీచరు లేవబోయింది.

"నేను చెప్తాను టీచర్" అంది పిచ్చుక.

లేచి ఆయన ముందుకు వెళ్లి జరిగిందంతా చెప్పింది. భోజనాల వేళ గది తాళం తీసింది మొదలు, ఆయన క్షమించమంటుంటే తల వంచుకుని కూర్చున్నదాకా ఏదీ దాచలేదు. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. భుజం మీది సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండ్రోజులుగా ఆ స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆగుతున్నానమ్మా. ఎలా ఎత్తాను, ఎటు ఒరిగింది అని" అన్నాడు.

పర్వాలేదులే అంటాడని పిచ్చుక ఎదురుచూసింది. ఆయన అనలేదు. ఆమె కళ్లు తుడుచుకోకుండా అక్కడే నిలబడింది.

"ఆ ఒక్కటీ ఎలా ఉంది?" అని అడిగాడు.

"అరుస్తూనే ఉంది తాతా."

"తోడు లేక" అన్నాడు ఆయన. తాను ఉత్తరాలిచ్చే ఒక ఇంట్లో నాలుగు రోజుల పిల్లలున్న కోడి ఉందని, రేపు వాళ్లను అడిగి చూస్తానని చెప్పాడు.

ఆ ఇంటివాళ్లు సరేనన్నారు. మర్నాడు చీకటి పడే వేళకు, కోడి కునుకు తీస్తుండగా, ఇంటావిడ బడిలోని కోడిపిల్లను దాని రెక్క కిందికి తోసింది. కోడి కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది. అరుపు ఆగిపోయింది. పిచ్చుక ఖాళీ అట్టపెట్టె పట్టుకుని ఇంటికి వచ్చింది.

ఇంకొక్కరు మిగిలారు. గుడ్లు పంపినావిడ ఇప్పటికీ తన తప్పేననుకుంటోంది. ఆవిడకు తాను ఫోన్ చేస్తానని టీచరు అంటే, వద్దు, నేను రాస్తాను అంది పిచ్చుక.

మొదటి కాగితం మీద, మీరు బాగున్నారా, మీ కోళ్లు బాగున్నాయా అని మొదలుపెట్టింది. సగం పేజీ అయినా అసలు సంగతి రాలేదు. దాన్ని చించేసింది. రెండోదాంట్లో పిల్ల ఎంత ముద్దుగా ఉందో రాసింది. అదీ చించేసింది. మూడో కాగితం తీసుకుని, కుర్చీలో కదలకుండా కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది:

"మీ గుడ్లు క్షేమంగా అందాయి. మీరు బాగా కట్టారు. పోస్టు తాత జాగ్రత్తగా తెచ్చారు. వాటిని పాడుచేసింది నేను."