బయాస్‌ను అడగని రేవణ్

1988లో జహీరాబాద్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ యజమానికి ఆధునికత మీద ప్రేమ పుట్టింది. చెరుకు బండ్లు తూచే రెండు కాంటాలనూ ఒకే కంప్యూటర్ నడపాలన్నాడు. బజారులో దొరికే సిస్టమ్ ఒకసారికి ఒక పనే చేస్తుంది. అందుకని రెండు పనులూ చూసుకునే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాయమని ఇద్దరిని పెట్టుకున్నాడు.

హైదరాబాద్‌లో చదివొచ్చిన రేవణసిద్ధప్పకు తన తెలివి మీద ఏ అనుమానమూ లేదు. బీదర్‌లో చదివిన మహానందకు అతని తెలివి మీద చాలా అనుమానాలున్నాయి.

మొదటి రోజే గొడవ. బయాస్ అంటే కంప్యూటర్ చిప్‌లో తయారీదారులే రాసిపెట్టిన ప్రోగ్రాం. తెర మీద అక్షరం కావాలంటే దాన్ని అడగవచ్చు. లేదా దాన్ని పక్కనపెట్టి, తెర తాలూకు మెమరీలో మనమే నేరుగా రాసేయవచ్చు.

“బయాస్‌ను అడుగుడంటే తహసీల్ ఆఫీసుల అర్జీ పెట్టినట్టే. నేను సీదా రాస్త,” అన్నాడు రేవణ్.

“రాయున్రి. మిషన్ మారిననాడు సూద్దాం,” అంది మహానంద.

ఎవరి ప్రోగ్రాం వాళ్లు రాసుకున్నారు. ఒక వాన సాయంత్రం ఒకే గొడుగు కింద వాదించుకుంటూ బస్టాండు దాకా నడిచారు. ఇద్దరూ సగం సగం తడిశారు. అది ప్రేమని ఇద్దరికీ తోచలేదు. చదువుకున్నవాళ్లు కదా.

చెరుకు ఆడే క్రషింగ్ సీజన్ మొదలయ్యే రోజున యజమాని, చవకగా వచ్చిందని, నలుపు తెలుపు తెర ఉన్న కొత్త మిషన్ తెచ్చాడు. వాళ్లు ప్రోగ్రాంలు రాసిన పాత మిషన్‌ది రంగుల తెర. దాని మెమరీ ఒక చోట ఉంటే దీనిది ఇంకో చోట. రేవణ్ ప్రోగ్రాం దర్జాగా నడిచింది. అక్షరాలు మాత్రం తెర లేని చోటికి పోయాయి. బయట బండ్లు బారులు తీరాయి.

మహానంద తన ఫ్లాపీ పెట్టింది. అక్షరాలు వచ్చాయి. రేవణ్ ఇంకా సిగ్గు మింగుతుండగానే, ఒక బండి బరువు డిస్కులోకి ఎక్కుతుంటే రెండో కాంటా బిగుసుకుపోయింది. డిస్కు పని ముగిసేదాకా బయాస్ ఎవరినీ కదలనివ్వదు. యజమాని చూపు ఈసారి ఆమె మీద పడింది.

“నా డిస్కు ప్రోగ్రాం తీస్కోన్రి. జర జరుగున్రి, నేను గూడ కూసుంట,” అన్నాడు రేవణ్ మెల్లగా.

ఉన్నది ఏ తెరో మొదట ఒక్కసారి బయాస్‌నే అడిగి, ఆ తర్వాత నేరుగా రాసేలా ఇద్దరూ కలిసి మార్చారు. డిస్కు పని రేవణ్ పద్ధతిలో, బయాస్‌ను అడగకుండా పెట్టారు. మధ్యాహ్నానికి రెండు కాంటాలూ నడిచాయి. యజమాని కంప్యూటర్‌ను మెచ్చుకున్నాడు.

చాయ్ తాగుతూ మహానంద, ఆదివారం తనను చూడటానికి ఉద్గీర్ నుంచి పెళ్లివారు వస్తున్నారని చెప్పింది. రేవణ్ మంచిదేనన్నాడు. అంతటి తెలివి.

ఆమె గ్లాసు కింద పెట్టింది. “మా నాయినకు వద్దని చెప్పాల్నా?”

రేవణ్ కూడా తన గ్లాసు కింద పెట్టాడు.

“చెప్పున్రి. నేను గూడ వస్త.”

సాయంత్రం ఇద్దరూ మహానంద నాన్న గురులింగప్ప అల్లం దుకాణానికి వెళ్లారు. రేవణ్ తన ఇల్లు, ఉద్యోగం గురించి మొదలుపెట్టి, ఎలాగో బయాస్‌లోకి జారిపోయాడు. గురులింగప్ప ఓపికగా విని కూతురి వైపు తిరిగాడు.

“రోజు ఇంటికొచ్చి తిడ్తవే, గీ పిలగాన్నేనా బిడ్డా?”

“గీయన్నే.”

“ఏడాది సంది ఇంట్ల ఇంకో ముచ్చట లేదు. ఉద్గీరోళ్లకు నేను చెప్త. నువ్వు మీ అమ్మనాయినను తోల్కరా, బాబు.”

దండం పెట్టాలని కూడా రేవణ్‌కు తోచలేదు. మహానంద అప్పటికే అతనికి కూర్చునే చోటు చేయడానికి అల్లం బస్తా పక్కకు లాగుతోంది.