గాలిసంచులా, ఉక్కు స్ప్రింగులా?

నిశ్చలి బండి గాజువాక వైపు దూసుకుపోతోంది. కామేశం ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి గెడ్డం గీయించుకుంటున్నాడు. మంగలి చేతిలో ఉన్నది పాతకాలపు కత్తి. బండి గంటకు నూట అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ కత్తి పెద్దమనిషి కంఠం మీద తీరుబడిగా జారుతోంది. ఇద్దరిలో ఎవరికీ భయమన్నది లేదు. పెద్దమనిషికి నిద్ర కూడా పట్టినట్టుంది.

కామేశం అసహ్యంగా ముఖం తిప్పుకున్నాడు. ముప్పై ఏళ్లు విశాఖ హార్బరులో టగ్గు బోటు నడిపిన మనిషి అతను. పెద్ద ఓడలను తాళ్లతో రేవుకు లాగుతూ, ప్రతి కెరటానికీ ఒళ్లు కాచుకుంటూ బతికినవాడు. అతని దృష్టిలో నిశ్చలిలో కూర్చున్న వాళ్లెవరూ ప్రయాణికులు కారు. పార్సిళ్లు. ఒకచోట ఎక్కించి మరోచోట దించితే చాలు.

నిశ్చలికి చక్రాలుండవు. నేలకు జానెడు ఎత్తున తేలుతూ పోతుంది. దాని అడుగున ఉండే కుదుపుహారి ముందున్న దారిని చదువుకుని, మలుపో బ్రేకో ఒంటికి తెలిసేలోపే సీటును దానికి తగ్గట్టు వాల్చేస్తుంది. పాతికేళ్ల క్రితం అవి వచ్చాక రోడ్లతో ఎవరికీ పనిలేకపోయింది. తారు లేచిపోయి, గోతులు పడి, గడ్డి మొలిచినా అడిగే దిక్కు లేదు. ఆ తర్వాత అదే విద్యను ఇళ్లలోకీ స్కూళ్లలోకీ తెచ్చారు. దానికి పట్టునేల అని పేరు పెట్టారు. తప్పటడుగులు వేసే పిల్ల తూలితే నేలే మెత్తగా పైకి లేచి పట్టుకునేది. తల్లిదండ్రులు మురిసిపోయారు. కామేశం భార్య లలితాంబ కూడా మురిసిపోయి, కూతురు పుట్టిన ఏడాదే ఇల్లంతా వేయించింది. కామేశం తన గదిలోకి మాత్రం దాన్ని రానివ్వలేదు.

గాజువాకలో మెకానిక్ తవిటినాయుడి షెడ్డులో కామేశం కారు నాలుగు దిమ్మల మీద నిలబడి ఉంది. అతని తాత ఏనాడో అమెరికా నుంచి ఓడలో దింపించుకున్న మజిల్ కారు అది. పొడవాటి ముక్కు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. పెట్రోలు అమ్మకాలు ఆగిపోయాక ఏళ్ల తరబడి గోనెపట్టాల కింద పడి ఉంది. ఇప్పుడు చెరకు సారాతో నడిచేలా ఇంజను తయారైంది. మిగిలిందల్లా కుదుపులు కాచే సస్పెన్షన్.

"ఏటి కామేశం గారూ, ఇంకా ఆలోచనేనా?" అన్నాడు తవిటినాయుడు. ఊళ్లో పాతకార్లు ముట్టుకునేవాడు తనొక్కడే కావడంతో అతనికి గీర ఎక్కువ. "గాలిసంచులు ఏయించీండి. నాలుగు చక్రాలకీ నాలుగు రబ్బరు సంచులు, డిక్కీలో గాలి కొట్టే మిషను. మీట నొక్కితే బండి లేస్తాది, నొక్కితే దిగుతాది. మెత్తగా కావాలంటే మెత్తగా, గట్టిగా కావాలంటే గట్టిగా."

"అంటే నిశ్చలికి తమ్ముణ్ణి తెచ్చి నా కారు కింద దూరుస్తానంటావు."

"మీరు రోడ్డు సూసేరా? గోతుల్లో గేదెలు పడుకుంతన్నాయి. గాలైతే గొయ్యి కాడ బండిని లేపుకోవచ్చు. మీరనే ఉక్కు కాయిలోవర్లేసి కిందికి దించేస్తే మొదటి గోతికే ఇంజను అడుగు పగిలిపోద్ది."

"ఎత్తుగానే పెట్టు. ఎండకి రబ్బరు పగుల్తుంది నాయుడూ. దారి మధ్యలో గాలి పోతే కారు పొట్టమీద కూర్చుంటుంది. కాయిలోవరంటే షాక్ అబ్జార్బరూ, దాని చుట్టూ ఉక్కు స్ప్రింగూ, అంతే. చెడిపోయేదేముంది అందులో? మలుపులో బండి ఏం చేస్తోందో నడుముకి తెలుస్తుంది."

"మీ నడుముకి తెలిస్తే సరేనండి. పక్కన కూకున్నోళ్ల నడుముకి కూడా తెలుస్తాది గదా."

ఆ గాలిసంచుల సెట్టు నాయుడి అటక మీద ఎన్నాళ్లుగానో దుమ్ము కొట్టుకుంటోందని కామేశానికి తెలుసు. అమ్ముకోలేక ఏడుస్తూ సలహాలొకటి, అనుకున్నాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర కూతురు ఇరావతి ఆ మాట ఎత్తింది. ఇరవయ్యేళ్ల పిల్ల. చదువు అప్పుడే పూర్తయింది. పై నెల బెంగుళూరులో ఉద్యోగంలో చేరాలి.

"నాన్నా, గాలివే వేయించకూడదూ? మెత్తగా ఉంటే నేనూ వస్తాను నీతో."

"మెత్తగా కావాలంటే నిశ్చలి ఎక్కు. అందులో గెడ్డాలు కూడా గీస్తున్నారు."

"అందులో నువ్వుండవు కదా."

లలితాంబ భర్త వంక చూసింది. కామేశానికి ఆ మాట వినపడింది గానీ లోపలికి దిగలేదు. 'మెత్తగా' అన్న ముక్క ఒక్కటే గొంతులో ముల్లులా ఉండిపోయింది. హార్బరులో కెరటాలు మింగిన తనకు పుట్టిందా ఈ పిల్ల?

మర్నాడే నాయుడికి చెప్పేశాడు. "కాయిలోవర్లే వెయ్యి. బాగా గట్టిగా పెట్టు. ఒళ్లనేది ఒకటుందని కొందరికి తెలియాలి."

ఆదివారం పొద్దున్న ఇరావతిని ఎక్కించుకుని అనంతగిరి దారి పట్టాడు. కారుకున్నది నడుము దగ్గర బెల్టు ఒక్కటే. వెనకటి రోజుల్లో అంతే ఉండేది. ఊరు దాటగానే రోడ్డు తన నిజరూపం చూపించింది. కారు ఎగిరెగిరి పడుతోంటే ఇరావతి మొదట కేకపెట్టింది, తర్వాత పడీపడీ నవ్వింది, శృంగవరపుకోట దాటాక ముఖం పాలిపోయి, కారు ఆపమని దిగి, గడ్డిలో వాంతి చేసుకుంది.

కామేశం నీళ్ల సీసా అందించాడు. "చాల్లే, వెనక్కి తిరుగుదాం. మీవల్ల కాదు ఇది. మీరంతా దూదిలో పెట్టి పెంచిన సరుకు."

ఆమె మూతి తుడుచుకుని మళ్లీ ఎక్కి కూర్చుంది. "పోనీ నాన్నా. ఘాటు రోడ్డు చూస్తాను."

ఘాటు ఎక్కుతుంటే కామేశానికి ప్రాణం లేచొచ్చింది. ఇంజను హోరు కొండకు తగిలి తిరిగి వస్తోంది. ఒక్కో మలుపూ స్టీరింగులోంచి అరచేతుల్లోకి, సీట్లోంచి వెన్నులోకి పాకుతోంది. మనిషై పుట్టినందుకు ఇదీ బండి నడపడం! నాలుగో మలుపు తిరిగేసరికి ఎదురుగా సగం రోడ్డు లేదు. వానకు కోసుకుపోయింది. బ్రేకు తొక్కాడు. కారు ముక్కు దించి, గొయ్యి అంచున దబ్బుమని కొట్టుకుని ఆగిపోయింది.

ఆ ఒక్క క్షణంలో కామేశం కాళ్లు నేలకు తన్నిపెట్టుకున్నాయి, వీపు సీటుకు అతుక్కుంది, చేతులు స్టీరింగును బిగించాయి. ఇవన్నీ తను చేసినట్టు కూడా అతనికి తెలియదు. పక్కకు చూశాడు.

ఇరావతి తాడు తెగిన మూటలా ముందుకు వాలిపోయింది. ముఖం ఇనుప డాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఒళ్లంతా విసురుగా కదిలినా చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, పెట్టినవి పెట్టినట్టే.

శృంగవరపుకోట ఆసుపత్రిలో డాక్టర్ సుగుణ ముక్కు ఎముకను సరిచేసింది. పెదవికి కుట్లు వేసింది. ముందుపళ్లు రెండు పోయాయి. బయటికి వచ్చి కామేశాన్ని ఎగాదిగా చూసింది.

"మీకేం కాలేదా?"

"లేదు."

"ఎందుకవుతుంది? మీ చేతులు వాటంతటవే పట్టుకుని ఉంటాయి. ఈ పిల్లలకి చేతులు లేవవండీ. పసితనంలో పడుతూ లేస్తూ నేర్చుకోవలసింది అది. వీళ్లని పడనిచ్చిందెవరు? పట్టునేల లేని మెట్ల మీద జారినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. అందరికీ ముఖాలే పగులుతున్నాయి. అరచేతులు గీరుకుపోయినవాడు ఒక్కడూ లేడు."

"నాకు తెలీదు," అన్నాడు కామేశం.

"ఆ నేలలు చేసినవాళ్లకీ తెలీదు. కాని మీరు గట్టిగా కుదపాలనే తీసుకెళ్లారటగా. అమ్మాయి చెప్పింది, మీమీద కోపం లేకుండానే చెప్పింది." ఆమె అతన్ని అసహ్యంగా చూసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా తను జనాన్ని చూసిన చూపు ఎలా ఉంటుందో కామేశానికి అప్పుడు అర్థమైంది.

"మళ్లీ నేర్పితే వస్తుందా?" అని ఆమె వెనకాలే వెళ్లి అడిగాడు.

"ఎవరూ నేర్పి చూడలేదు."

వారం తిరక్కుండా కామేశం నాయుడి షెడ్డుకు వెళ్లాడు. నాయుడు అటక మీంచి గాలిసంచులు దింపుతూ, "నాను ముందే సెప్పేను గదండీ," అని పాట మొదలుపెట్టాడు. అతను దులపరిస్తే కామేశం దులపరించుకోనిచ్చాడు. ఎంత మెత్తన నుంచి ఎంత గట్టి దాకా మార్చుకోవచ్చో, ఎంత కొద్దికొద్దిగా మార్చుకోవచ్చో మాత్రం మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. సీట్లకు భుజం మీదుగా బెల్టులు వేయించాడు. డాష్‌బోర్డు ఇనుము మీద మందపాటి దూది పరుపు కుట్టించాడు. నవ్వేవాళ్లు నవ్వారు.

ఇరావతి ఉద్యోగంలో చేరడం వాయిదా వేసుకుంది. పెదవి మానాక తండ్రి పక్కన మళ్లీ కూర్చుంది. మొదట్లో హార్బరు వెనక ఖాళీ మైదానంలో, సంచులు పూర్తిగా మెత్తగా పెట్టి, నడక వేగంతో తిప్పాడు. మెల్లగా బ్రేకు తొక్కేవాడు. "చెయ్యి," అనేవాడు. ఆమె చెయ్యి ఎత్తేది, ఎవరో చెప్పిన పని చేసినట్టుగా. రోజులు గడిచేకొద్దీ మీట ఒక్కొక్క గీత గట్టివైపు జరిపాడు. చెప్పకుండా బ్రేకు తొక్కితే మాత్రం ఆ చేతులు ఒళ్లోంచి కదిలేవి కావు. కామేశానికి నోటిదాకా వచ్చేది ఎత్తిపొడుపు. మింగేసేవాడు. మింగడం కెరటాలకన్నా కష్టంగా ఉండేది.

ఒకనాటి సాయంత్రం ఇంటికి వస్తుంటే పక్క సందులోంచి ఆవుదూడ రోడ్డు మీదికి ఉరికింది. కామేశం నిజంగానే బ్రేకు తొక్కాడు. కారు ఊగి ఆగింది. దూడ తోకెత్తుకుని అవతలికి పోయింది. అంతా అయిపోయాక, తీరిగ్గా, ఇరావతి చెయ్యి లేచింది. లేచి డాష్‌బోర్డు దగ్గరికి పోలేదు. వచ్చి తండ్రి గుండెకు అడ్డంగా నిలబడింది.

ఆమె తన చేతి వంక తనే వింతగా చూసుకుంది. "నేను పెట్టలేదు నాన్నా."

"ఆలస్యంగా వచ్చింది," అన్నాడు కామేశం. గొంతులో వెటకారం ఉండాలని అతను చాలా ప్రయత్నించాడు. వెనక నుంచి ఏదో నిశ్చలి దారిమ్మని మోగుతున్నా, ఆ చెయ్యి తనంతట తాను దిగేదాకా బండి కదపలేదు.