అత్తయ్య చెప్పిన పెళ్లి

పొద్దున్న ఏడున్నరకి ఆమె పెద్దావిడ తల వెనక్కి వాల్చి, కళ్లలో మందు చుక్కలు వేసింది. పెద్దావిడ ఎప్పటిలాగే "మంటగా ఉంది" అని సణిగింది. ఆమె ఎప్పటిలాగే "కాసేపు కళ్లు మూసుకోండి అత్తయ్యా" అంది. పెద్దావిడ కొడుకు పోయి తొమ్మిది రోజులైంది. పెద్దావిడ ఏడ్చింది, ఇంకా ఏడుస్తోంది. ఆమె మాత్రం ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు.

ఆమెని అందరూ ఇన్‌స్పెక్టరనే పిలుస్తారు. పోలీసులతో ఏ సంబంధమూ లేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, ఉతికాక మరకలేమైనా మిగిలాయేమో చూడడం ఆమె పని. ఆ పేరు పెట్టింది పెద్దావిడ కొడుకే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పదకొండేళ్లు ఒకే ఇంట్లో, ఒకే టీవీ రిమోట్ కోసం కొట్లాడుకుంటూ బతికారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఇన్‌స్పెక్టరుకి అంతకుముందు ఒక పెళ్లయింది. అది మూడేళ్లు కూడా నిలవలేదు. మళ్లీ ఆ సంతకం జోలికి పోనని మొదట్లోనే చెప్పేసింది. అతను రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. వాళ్లమ్మ ఊరుకోలేదు. "పెళ్లి చేసుకుంటే అరిగిపోతారా?" అని వారానికోసారైనా అనేది.

అతను ఒక మధ్యాహ్నం ఎవరి మేడలోనో పని ముగించి, పనిముట్ల పెట్టె మీద కూర్చుని, మళ్లీ లేవలేదు. లాండ్రీ వాళ్లు ఆమెకి ఒక్కరోజు సెలవిచ్చారు. ఫారంలో భర్త పోతే పది రోజులని ఉంది. తండ్రి పోతే ఐదు. ఆమెకి సరిపడే గడి లేదు. సూపర్‌వైజరు నిజంగానే నొచ్చుకున్నాడు. ఆమెకి నొప్పి కూడా తెలియలేదు. మర్నాడే వెళ్లి దుప్పట్లు ముందేసుకుంది. ఒక్క మరక కూడా ఆమె కన్ను తప్పించుకోలేదు. లోపల ఎక్కడో మెయిన్ స్విచ్చి ఆపేసినట్టుంది, అంతే.

ఇవాళ ఆమెకి వారపు సెలవు. తొమ్మిది గంటలకి పెద్దావిడ కూతురు వచ్చింది. బళ్లో టీచరు. చేతిలో ఖాళీ సూట్‌కేసు.

"అమ్మని తీసుకెళ్తున్నాను," అంది కూర్చోకుండానే. "తమ్ముడున్నన్నాళ్లూ సరే. ఇప్పుడు ఏ వరసన ఇక్కడుంటుంది?"

"సరే," అంది ఇన్‌స్పెక్టరు. మందుల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "నీలం మూతది పొద్దున, తెల్లది పడుకునే ముందు. తెల్లది ఫ్రిజ్‌లోనే ఉండాలి."

టీచరు పెద్ద గొడవకి సిద్ధపడి వచ్చింది. దారి పొడుగునా మాటలు కూడా కూడబలుక్కుంది. తీరా గొడవ దొరక్కపోయేసరికి ఏం చెయ్యాలో తోచక సూట్‌కేసు తెరిచి, మళ్లీ మూసింది.

ఒళ్లు మండింది పెద్దావిడకి.

"ఏమే, పంపించేస్తావా? ఒక్క మాటైనా అడ్డం చెప్పవా?"

"చెప్పడానికి నేనెవర్ని అత్తయ్యా?"

"అదీ! అందుకే మొత్తుకున్నాను పదకొండేళ్లు. పెళ్లయ్యుంటే ఈపాటికి దీన్ని గుమ్మంలోనే నిలదీసేదానివి. పోట్లాడే హక్కైనా ఉండేది నీకు."

"పెళ్లయిన నేను రోజూ పోట్లాడుతూనే ఉన్నాను. ఏం ఒరిగింది?" అంది టీచరు. వెంటనే నాలిక్కరుచుకుంది. "అది కాదమ్మా. రేపు ఈవిడ తన దారి తను చూసుకుంటే నీ గతేంటి? ఏ కట్టూ లేదుగా."

"కట్టు లేకుండానే పదకొండేళ్లు ఉన్నాను," అంది ఇన్‌స్పెక్టరు. కోపంగా కాదు. ఎవరో టైమడిగితే చెప్పినట్టు.

అంతలో తెరిచి ఉన్న తలుపు దగ్గర ఎవరో దగ్గారు. కింది వాటా దర్జీ. చేతిలో మడతపెట్టిన పాంటు.

"జిప్పు మార్చమని ఇచ్చారాయన, పోయేముందు. డబ్బులొద్దమ్మా," అని పాంటు ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు. ఓదార్పుగా టీచరు వైపు తిరిగాడు. "ఎంత అన్యోన్యంగా ఉండేవాళ్లండీ! వాళ్ల పెళ్లి ముచ్చట మీ అమ్మగారు చెబుతుంటే పని మానేసి వినేవాణ్ణి. ఆ వానేంటి, పెళ్లికూతురి కొత్త చెప్పు తెగిపోవడమేంటి, వట్టికాళ్లతోనే వెళ్లి సంతకం పెట్టడమేంటి!"

"ఏ పెళ్లి?" అంది టీచరు.

"అదేనండీ, రిజిస్ట్రారు ఆఫీసులో అయిందిగా. పాపం పరీక్షల డ్యూటీ పడి మీరు రాలేకపోయారట."

టీచరు తల్లి వైపు తిరిగింది. తనేదో తప్పు మాట్లాడానని దర్జీకి అర్థమైంది కానీ ఏ మాటో తెలియలేదు. వస్తానంటూ గబగబా మెట్లు దిగిపోయాడు.

పెద్దావిడ గోడవైపు చూస్తూ కూర్చుంది.

"ఇంకా ఎవరికి చెప్పావమ్మా?" అడిగింది టీచరు.

"మందుల షాపులో చెప్పాను. కళ్ల డాక్టరుకి చెప్పాను. బస్సులో ఒకావిడకి..." పెద్దావిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మొదట సిగ్గేసి చెప్పానే. కోడలా అని ఎవరైనా అడిగితే ఏమనను? తర్వాత చెబుతుంటే బాగుండేది. అడక్కపోయినా చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా ఒక ముక్క కలిపేదాన్ని. ఈమధ్య అది జరగలేదన్న సంగతి నాకే గుర్తుండటం లేదు."

ఇంట్లో నోరారా ఒక్కసారీ కోడలా అని పిలవని మనిషి, ఊరంతా తనని కోడల్ని చేసేసింది. ఇన్‌స్పెక్టరుకి కోపం రావాలి. రాలేదు. పాంటు ఒళ్లో పెట్టుకుని అలాగే పెద్దావిడ పక్కన కూర్చుంది.

టీచరు సూట్‌కేసు గోడకి ఆనించి, ఎదురుగా కుర్చీలో కూలబడింది. "పరీక్షల డ్యూటీ అన్నావా?" అంది. కళ్లు నిండిపోయాయి. "నేను సెలవు పెట్టయినా వచ్చేదాన్నమ్మా. ఒక్కగానొక్క తమ్ముడు."

"తెలుసే. నీ ఇంటికి పది రోజులు వస్తాను, చూసి వస్తాను. ఉండడం మాత్రం ఇక్కడే, ఇది ఉండనిస్తే."

"ఉండండి," అంది ఇన్‌స్పెక్టరు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి తనంతట తనుగా ఒక మాట అడిగింది. "అత్తయ్యా, ఆ రోజు తను ఏం చేశాడు?"

"ఏ రోజు?"

"పెళ్లి రోజు."

పెద్దావిడ ఆమె మొహంలోకి చూసింది. వెక్కిరింత కాదని తేల్చుకున్నాక మొదలుపెట్టింది. "ఏం చేస్తాడు, వాడికేనాడు ఏదైనా సమయానికి దొరికింది కనక! గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకున్నాడు. వానలో తడుసుకుంటూ వెళ్లాం. రిజిస్ట్రారు పుస్తకం తెరిచి సంతకం పెట్టమన్నాడు. వీడు జేబులో చెయ్యి పెట్టి ఏదో బయటికి తీశాడు. చూస్తే స్క్రూడ్రైవరు."

టీచరు ఏడుస్తూనే నవ్వేసింది.

"రిజిస్ట్రారు కళ్లజోడు పైకెత్తి చూశాడు. వీడి మొహం ఎర్రబడిపోయింది. నీవైపు వంగి, నెమ్మదిగా, 'ఇన్‌స్పెక్టరూ, నీ దగ్గర పెన్నుందా?' అన్నాడు."

"ఉంది," అంది ఇన్‌స్పెక్టరు. "నా బ్యాగులో ఉంది. ఇస్తాను."

అని, పెద్దావిడ ఒళ్లో తల పెట్టుకుని భోరున ఏడ్చింది.