స్టోర్‌రూమ్‌లో బ్రౌన్ బెల్టు

కరాటే మాస్టారు స్టోర్‌రూమ్‌లో బోర్లా పడి ఉన్నాడు.

ఉదయం పది. ఇంకాసేపట్లో బెల్టు పరీక్ష. ప్యాడ్లు తెద్దామని లోపలికి వెళ్ళిన ఆయన బావమరిది పెట్టిన కేకకి హాలంతా లేచి నిలబడింది. మాస్టారి తల వెనక బొప్పి. ఒంట్లో కదలిక లేదు. ఒక పక్క చెక్క కర్ర. ఇంకో పక్క, ప్యాడ్ మీద, ఒక బ్రౌన్ బెల్టు.

ఆ స్కూల్లో బ్రౌన్ బెల్టు ఉన్నది ఒక్కరికే.

మాస్టారికి స్పృహ వచ్చాక గానీ ఇన్‌స్పెక్టర్ రాలేదు. స్టేషన్‌లో ఆయన్ని చాటుగా నత్త అంటారు. ఆయన నడుస్తుంటే నీడ విసిగిపోయి ముందే వెళ్ళి కూర్చుంటుందని ఒక కానిస్టేబుల్ ఒట్టేసి మరీ చెప్తాడు. ఓసారి ఆయన వెంటపడితే, పరిగెత్తే దొంగే జాలిపడి ఆగి, మంచినీళ్ళు ఇచ్చాడట. నమ్మేవాళ్ళు నమ్మండి. ఒకటి మాత్రం నిజం. నత్త వెళ్ళిన దారి వెనక మెరుస్తూ ఉంటుంది.

"షట్టర్ దించండి" అన్నాడు. "నేను చెప్పేదాకా చీమ కూడా బయటికి పోకూడదు."

షట్టర్ దిగింది. హాలు మూత పెట్టిన డబ్బా అయింది. కిటికీల్లేవు. గోడల నిండా అద్దాలు. ఎటు చూసినా ఎవరి మొహం వాళ్ళకే ఎదురొస్తోంది. రబ్బరు మ్యాట్ల వాసన, చెమట వాసన. పిల్లలు రంగుల వరుసలో కూర్చున్నారు. తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం. వరుస చివర ఒకామె నిలబడి ఉంది. పిల్లలంతా అక్కా అని పిలిచే మనిషి. నడుముకి బెల్టు లేదు. కోటు విడిపోకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఆ బెల్టు నీదేనామ్మా?"

"నాదే సార్."

"స్టోర్‌రూమ్‌లోకి ఎలా వెళ్ళింది?"

"తెలీదు. బట్టలు మార్చుకునే గదిలో కొక్కేనికి తగిలించాను. ఓ పిల్లకి కాలు బెణికితే కట్టు కట్టడానికి వెళ్ళాను. వచ్చి చూస్తే లేదు."

బావమరిది ఆగలేకపోయాడు.

"ఇంకా అడుగుతారేంటి సార్? నిన్న బావతో గొడవపడింది. ఈసారి కూడా ఆపితే ఊరుకోనంది. ఈ చెవులతో విన్నా."

"అన్నావామ్మా?"

"అన్నాను."

"ఎందుకు?"

"ఆరేళ్ళుగా బ్రౌన్‌లోనే ఉన్నాను సార్. బ్లాక్ బెల్టు పరీక్షకి మా మాస్టారే పంపాలి. ఆయన పంపకపోతే ఇంకెవరూ తీసుకోరు. అడిగినప్పుడల్లా 'ఇంకా పండలేదు' అంటారు."

"అన్నేళ్ళకి బండరాయైనా పండేది సార్" అని వెనక నుంచి ఒక గొంతు.

"ఎవరది?"

"దర్జీని సార్. మూడేళ్ళుగా వైట్ బెల్టు. నన్ను అనుమానించకండి. కర్రెత్తితే నా తలకే తగులుతుంది."

పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు. అక్క నవ్వలేదు.

"ఈసారి పెద్ద మాస్టారే ఫోన్ చేసి, 'ఆ అమ్మాయిని చూస్తాను' అన్నారు" అంది. "మా మాస్టారికి గురువు ఆయన. ఆయన పెట్టే చివరి పరీక్ష ఇదే. గురువు మీద చెయ్యెత్తిందన్న మాట పడితే, బతికున్నన్నాళ్ళూ ఏ హాల్లోనూ నన్ను గడప తొక్కనివ్వరు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ ఆమె పరిస్థితి. పైగా షట్టర్ మూసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ స్టోర్‌రూమ్‌లోకి నడిచాడు. ఆయన నడకకి అది ఓ ప్రయాణమే. ర్యాకులు చూశాడు. ఒక ఇనప అంచు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత బెల్టు ముందు కూర్చున్నాడు. ముట్టుకోలేదు.

బెల్టు నలుచదరంగా మడిచి ఉంది. కొసలు రెండూ లోపలికి దోపి ఉన్నాయి. అంటించిన ఉత్తరం కవరులా, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియకుండా.

ఫోన్‌తో ఫోటో తీసుకుని బయటికి వచ్చాడు. మాస్టారు కుర్చీలో ఉన్నాడు. తల మీద ఐసు మూట.

"కొట్టిందెవరు మాస్టారూ?"

"చూడలేదు. వెనక నుంచి పడింది దెబ్బ."

"అనుమానం?"

మాస్టారు నిట్టూర్చాడు. "బెల్టు అక్కడే ఉందిగా సార్. నా నోటితో నా శిష్యురాలి పేరు చెప్పించకండి."

అప్పుడే షట్టర్ మీద చప్పుడు. కానిస్టేబుల్ మోకాలెత్తు లేపితే, భుజాన సంచీతో ఒక ముసలాయన కిందనుంచి దూరి వచ్చాడు. పెద్ద మాస్టారు. బస్సు దిగి నేరుగా వస్తున్నాడు. షట్టర్ మళ్ళీ దిగింది.

"అందరి బెల్టులూ ల్యాబ్‌కి పంపాలి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "విప్పి ఈ బల్ల మీద పెట్టండి. మాస్టారూ, మీది కూడా."

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బెల్టు విప్పి, గుండ్రంగా చుట్ట చుట్టి పెట్టారు. దర్జీ చుట్టిన చుట్ట విడిపోయి బల్ల దిగి పారిపోయింది. దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

ఇన్‌స్పెక్టర్ అటు చూడలేదు. మాస్టారితో కబుర్లలో పడ్డాడు.

"మోకాలు బాగాలేదా మాస్టారూ? నేను వచ్చినప్పట్నుంచీ కూర్చునే ఉన్నారు."

"చాలాకాలంగా అంతే."

"మరి తన్నడం, గెంతడం పిల్లలకి ఎవరు చూపిస్తారు?"

"ఆమే." మాస్టారు విసుగ్గా నల్లబెల్టు విప్పాడు. "దీనికీ దానికీ ఏంటి సార్ సంబంధం?"

అంటూనే బెల్టు బల్ల మీద పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ కిందికి చూశాడు. బల్ల నిండా చుట్టలే. ఆ చుట్టల మధ్య నల్లగా, నలుచదరంగా ఒక్క కవరు. దాని పక్కన ఫోన్ పెట్టాడు. ఫోటోలో అదే మడత, బ్రౌన్ రంగులో.

"పెద్ద మాస్టారూ, ఇలా మడవడం ఎవరికొచ్చు?"

ముసలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "బ్లాక్ బెల్టు ఇచ్చిన రోజు గురువు తెర వెనక నేర్పుతాడు. మేం మడిచేటప్పుడు మిగతావాళ్ళు బయటికి వెళ్ళాలి. రంగు బెల్టులవాళ్ళకి చుట్టడమే."

"ఈ హాల్లో బ్లాక్ బెల్టులు ఎవరు?"

"నేనూ, ఇతనూ."

"మీరు ఇప్పుడే షట్టర్ కింద నుంచి దూరారు."

మాస్టారి చేతిలో ఐసు కరిగి చుక్కలు పడుతున్నాయి.

"కొట్టి పారిపోయేవాళ్ళు బెల్టుని ఎక్కడో పడేస్తారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈయన పడెయ్యలేకపోయాడు. చేతులకి అలవాటు లేదు. నింద వెయ్యడానికి దొంగిలించిన బెల్టుని కూడా మర్యాదగా మడిచి, నేలకి తగలకుండా ప్యాడ్ మీద పెట్టాడు. ఆమెకి ఆ మడత రాదు. మీరే రానివ్వలేదు మాస్టారూ. ఇప్పుడు ఆమెకి అదే సాక్ష్యం."

"మరి ఆ దెబ్బ?" అన్నాడు బావమరిది.

"ర్యాకు అంచుకి మీ బావగారి వెంట్రుకలున్నాయి. కర్రకి ఒక్కటీ లేదు. ఆయనే తల కొట్టుకున్నాడు."

బావమరిది మాస్టారి వైపు తిరిగాడు. "బావా?"

మాస్టారు ఐసు మూట ఒళ్ళోకి దించాడు. "ఆమె పాసైతే వెళ్ళిపోతుంది. ఆమె వెనకే పిల్లలూ పోతారు. నాకు కాలు లేవదు. ఆమెకి తలుపు మూసి పెట్టాననుకున్నాను. మూశాక చూసుకుంటే నేనూ లోపలే ఉన్నాను."

"స్టేషన్‌కి రావాలి మాస్టారూ. తప్పుడు ఫిర్యాదు."

"కాస్త ఆగండి" అన్నాడు పెద్ద మాస్టారు. "పరీక్షకి ముందు శిష్యురాలి గురువుని అందరి ముందూ ఒక మాట అడగాలి. అతను ఒప్పుకోకపోతే పరీక్ష లేదు. అది నేను కూడా మార్చలేను."

అక్క కళ్ళు మూసుకుంది. కేసు తేలింది గానీ తాళంచెవి ఇంకా మాస్టారి జేబులోనే ఉంది.

పెద్ద మాస్టారు శిష్యుడి ఎదురుగా నిలబడ్డాడు. "నీ శిష్యురాలు పరీక్షకి తగునా?"

మాస్టారు తలెత్తాడు. ఎదురుగా ఆమె. అద్దాల్లో ఆమె. ఎటు తిరిగినా ఆమే.

"తగును."

"పిల్లలకి వినపడలేదు."

"తగును" అన్నాడు మాస్టారు. ఈసారి గట్టిగా. "ఆరేళ్ళ కిందటే తగును."

ఇన్‌స్పెక్టర్ షట్టర్ ఎత్తించాడు. వీధి వెలుతురు మ్యాట్ల మీదికి పాకింది.

"నీ బెల్టు ఎవిడెన్స్ తల్లీ, ఇవ్వలేను" అన్నాడు.

"ఏ రంగైనా పర్లేదు" అన్నాడు పెద్ద మాస్టారు.

ఆమె బల్ల మీద చేతికందిన చుట్ట తీసుకుంది. అది పసుపు. గోడవైపు తిరిగి కట్టుకుంది. ఆరేళ్ళు ఎందుకు ఆపారని ఎవరినీ అడగలేదు. మ్యాట్ మధ్యకి వెళ్ళి నిలబడింది.

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని, పళ్ళు బిగించి, లేచాడు. పరీక్ష ముగిసేదాకా మళ్ళీ కూర్చోలేదు. ఇన్‌స్పెక్టర్ కూడా తొందరపెట్టలేదు.