ప్రింటర్ రిపేరు

లెక్చరర్‌ని యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో, ఆయన కుర్చీలోనే చంపారు. మెడకి మౌస్ వైరు చుట్టి ఉంది. తెరమీద ఆయన సగం టైప్ చేసిన అభ్యంతరం ఉంది.

ఆ యూనివర్సిటీ తయారుచేసిన ఓపెన్ సోర్స్ సిస్టమ్‌నే దేశంలోని బడులన్నీ వాడతాయి. రక్షణ పరిశోధన చేసే ల్యాబ్‌లూ వాడతాయి. కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్పు పంపొచ్చు. దాన్ని పరిశీలించే ఇద్దరు రివ్యూయర్లలో ఒక్కరు కాదన్నా ఆ మార్పు ఆగిపోతుంది. ఒకరు లెక్చరర్. రెండో మనిషి పేరు మన గూఢచారి ఏజెన్సీ ఫైళ్ళలో నెమలి. ఆమెను అక్కడ పెట్టింది విదేశీ ముఠా. రెండేళ్ళ కిందట ఆమె ఏజెన్సీ వైపు తిరిగింది. అది తెలిసిపోయి ముఠా ఆమె చెల్లెల్ని ఎత్తుకుపోయింది.

ముఠా పంపిన మార్పు పైకి ప్రింటర్ రిపేరు. లోపల ఉన్నది పాస్‌వర్డ్‌లు లాగే కోడ్. నెమలి ఉదయమే దానికి ఓకే చెప్పింది. పదకొండింటికి అది అన్ని కంప్యూటర్లకూ వెళ్ళిపోతుంది. రద్దు చేయగలిగింది ఆమె ఒక్కతే.

చీఫ్ కారులోనే ఏజెంట్‌కి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"మనవాళ్ళు చెల్లెలున్న ఇంటికి చేరేసరికి పన్నెండవుతుంది."

"మరి ఆవిడకేం చెప్పను?"

"చేరారని చెప్పు."

ఏజెంట్ ప్రింటర్ మెకానిక్ వేషంలో యూనివర్సిటీలో నెమలి గదికి వెళ్ళాడు. తలుపు మూసి, టూల్‌బాక్స్‌లోని జామర్ ఆన్ చేశాడు. ఇక ఆ గదిలో ఫోన్ మోగదు. నెమలి చేతి అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ వేసుకుంటోంది.

"టోనర్ అయిపోయిందట," అన్నాడు ఏజెంట్.

"నలుపా, రంగులా?"

"ఏది ఉంటే అది."

సంకేతం సరిపోయింది. ఆమె అద్దం మూసింది. రద్దు చేస్తే ఆ క్షణమే అందరికీ కనబడుతుందని, ముఠా కూడా ఆ పేజీ ముందే కూర్చుని ఉందని చెప్పింది. చెల్లెల్ని మనవాళ్ళు బయటికి తెచ్చేశారని ఏజెంట్ చెప్పాడు.

"ఏం వేసుకుంది?"

"దుప్పటి కప్పి తెచ్చారు. కనబడలేదు."

ఆమె నవ్వింది. "నా దుప్పటి కూడా లాక్కునేది, రాక్షసి."

కారణం రాయనిదే సిస్టమ్ రద్దుని ఒప్పుకోదు. లెక్చరర్ సగంలో వదిలిన వాక్యం ఇంకా సిస్టమ్‌లోనే ఉంది; ఆమె దాన్ని పూర్తిచేసింది. గడియారం పదకొండు కొట్టబోతుండగా బటన్ నొక్కింది. అప్‌డేట్ ఆగింది.

"ఒక్కసారి దానితో మాట్లాడించండి."

"పడుకుందట. లేపొద్దన్నారు."

ఏజెంట్ జామర్‌ని అక్కడే వదిలేసి కారెక్కాడు. పన్నెండింటికి చీఫ్ మెసేజ్ వచ్చింది: ఇంటికి చేరారు, చెల్లెలి శవం ఇంకా చల్లబడలేదు.

సాయంత్రానికి నెమలి రాసిన కారణం కింద మొదటి కామెంట్ పడింది. ఏదో ఊళ్ళో ఒక టీచరు రాసింది: "మా బడిలో ప్రింటర్ ఇంకా పనిచెయ్యట్లేదు. ఇంత చిన్న రిపేరుని ఆపినవాళ్ళకి మనసనేది ఉందా?"