డోలు ముందు యాదిరా

అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. రాయడం నిదానం, తప్పులూ ఉంటాయి. క్షమించండి. ఎక్కడైనా ఒత్తు జారితే మీరే పెట్టుకోండి. నేను మాత్రం ఆపను.

డోలు వాయించే ఫెలో మామ పెరట్లో ఊరి పండగ ఆటకి సాయంత్రం ప్రాక్టీసు జోరుగా సాగుతోంది. పదేళ్ల యాదిరా కుచ్చుల స్కర్టు పట్టుకుని డోలు ముందు ఆడుతోంది. మా లోయిసా ఊళ్లో బొంబా అనే డోలు ఆట ఆడేటప్పుడు డోలు చెప్పినట్టు మనిషి ఆడడు, మనిషి ఆడినట్టు డోలు మోగుతుంది. యాదిరా స్కర్టు విసిరితే ఫెలో మామ చెయ్యి టక్కున పడాలి. అందుకే ఆటకు ముందూ తర్వాతా డోలుకు వంగి దండం పెడతారు.

ఉన్నట్టుండి యాదిరా గుండె దడదడలాడింది. గంప కింద మూసిన కోడిలా కొట్టుకుంటోంది.

ఇది కొత్త కాదు. ప్రమాదం లేదని డాక్టరమ్మ చెప్పింది. "వచ్చినప్పుడు కూర్చో. పెద్దవాళ్లకి చెప్పు. బొటనవేలు నోట్లో పెట్టుకుని, గాలి బయటికి పోకుండా గట్టిగా ఊదు. తగ్గకపోతే, కళ్లు తిరిగితే వెంటనే ఆసుపత్రికి రావాలి" అంది.

కానీ చెబితే పండక్కి ఆడనివ్వరేమో! యాదిరా దండం పెట్టకుండానే పరుగుతీసి నీళ్ల ట్యాంకు వెనక దాక్కుంది.

డోలు ఆగిపోయింది.

"చూశారా, భయపడి పారిపోయింది!" అంది పెద్దమ్మ కూతురు గ్లోరిమార్, పీతల వడ నములుతూ.

ఫెలో మామ మొహం ముడుచుకుంది. "మా తాత వాయించిన డోలు ఇది. దీనికి వీపు చూపించినవాళ్లు పండక్కి ఆడరు. అంతే!"

ట్యాంకు వెనక, పాలిపోయిన మొహంతో ఉన్న యాదిరాను అమ్మ పట్టుకుంది.

"మళ్లీ వచ్చిందా? ఎందుకే చెప్పలేదూ?"

"చెబితే ఆడొద్దంటారుగా!"

"చెప్పకపోతే ఏమైంది? ఆడొద్దనే అన్నారుగా."

యాదిరా గుండె నెమ్మదించాక కళ్లు తుడుచుకుని ఫెలో మామ దగ్గరికి వెళ్లింది.

"మామా, నేను భయపడి పోలేదు. నా గుండె ఒక్కోసారి దానంతటదే పరిగెడుతుంది. ఎవరికీ తెలియకూడదని పారిపోయా. దండం పెట్టకపోవడం నాదే తప్పు. కానీ ఆట మాననంటే మానను!"

మామ డోలు మీద చెయ్యి వేశాడు. "రేపు రా. చూద్దాం" అన్నాడు.

మర్నాడు ప్రాక్టీసుకి పెరడంతా జనం. ఆట మంచి ఊపులో ఉండగా గుండె మళ్లీ పరుగందుకుంది. యాదిరా చూపు ట్యాంకు మీదికి పోయింది. కానీ కాళ్లు కదల్లేదు. స్కర్టు రెండు చేతులా పట్టుకుని డోలుకు వంగి దండం పెట్టింది.

"మామా, నా గుండె పరుగెత్తుతోంది. కాసేపు కూర్చుంటా. నా చోటు ఎవరికీ ఇవ్వకు. మళ్లీ వస్తా!"

అందరూ వింటుండగానే అంది. అమ్మ స్టూలు వేసింది. యాదిరా అందరి ముందూ బొటనవేలు నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదింది.

"అయ్యో, చంటిపాపలా వేలు చీకుతోంది!" అని గ్లోరిమార్ కిసుక్కున నవ్వింది.

యాదిరా వేలు తియ్యలేదు. కనుబొమలు మాత్రం ఎగరేసింది. ఇంకోసారి ఊదింది. కుళాయి కట్టేసినట్టు దడ ఠక్కున ఆగింది.

నీళ్లు తాగింది. అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూసి, ఇంకాసేపు కూర్చోబెట్టి, తలూపింది. అంతసేపూ ఫెలో మామ డోలు మీద అరచేతులు ఆనించి అలాగే ఉన్నాడు. ఇంకెవర్నీ రానివ్వలేదు.

"మధ్యలో మళ్లీ వస్తే?" అంది గ్లోరిమార్. ఈసారి నవ్వలేదు.

"వస్తే మళ్లీ కూర్చుంటా. మళ్లీ లేస్తా. నువ్వు కాస్త జరుగు, నా స్కర్టుకి చోటు కావాలి."

యాదిరా డోలుకు దండం పెట్టి, స్కర్టు ఒక్క విసురు విసిరింది.

డోలు టక్కున పలికింది.

— ప్రొవిడెన్సియా ఒసోరియో, డెబ్బై నాలుగేళ్లు. పుట్టింది లోయిసాలో, ఇప్పుడు ఉండేది కరొలీనాలో, చిన్నకూతురి ఇంట్లో.