డెల్మర్‌కు మిగిలిన గాలి

శనివారం మధ్యాహ్నం. నార్త్ డకోటాలో జనవరి మంచు కిటికీల సగం దాకా పేరుకుంది. హార్డ్‌వేర్ కొట్టు నడిపే ఓరిన్ ఎప్పటిలాగే తన ఇంటి నేలమాళిగలో బల్ల సర్దాడు. నక్షత్రాల పటం, పాచికలు, పెద్ద గిన్నెడు పాప్‌కార్న్. ఎదురుగా అర్లిస్ కూర్చుంది. మూడో కుర్చీ ఆమె తమ్ముడు డెల్మర్‌ది. మంచుకు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగిపోయానని, ట్రక్కులో ఉన్న వైర్‌లెస్ రేడియోలోంచే మాట్లాడుతూ ఆడతానని వాడు చెప్పాడు. ఓరిన్ తన రేడియో సెట్టును తెచ్చి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

ఆరేళ్లుగా సాగుతున్న ఆట అది. అంతరిక్షంలో ఏం ఎదురైందో ఓరిన్ చెబుతాడు. మిగతా ఇద్దరూ తమ పాత్రల్లో దూరి మాట్లాడతారు. తేలనిదాన్ని పాచికలు తేలుస్తాయి. ఆ బల్ల దగ్గర ఒకటే కట్టుబాటు. సొంత మాట చెప్పాలంటే చెయ్యెత్తాలి. ఎత్తనంతసేపూ నోట్లోంచి వచ్చే ప్రతి మాటా పాత్రదే.

ఆటలో అర్లిస్ అంతరిక్షంలో తిరిగే ఓడకు కెప్టెన్, డెల్మర్ మెకానిక్కు. నిరుడు వాడు ఊపిరాడక చస్తున్నట్టు నటించి, ఆమె జాలిపడి తలుపు తీయగానే ఏకంగా ఓడనే ఎత్తుకుపోయాడు. ఆ మంట ఆమెకింకా చల్లారలేదు. ఇవాళ మళ్లీ వాడు ఒక చిన్న పడవలో ఆమె కొత్త ఓడ బయట తేలుతున్నాడు.

"తలుపు తియ్యక్కా," రేడియో గరగరలాడింది. "ఇక్కడ గాలి బాగాలేదు."

అర్లిస్ ఓరిన్ వైపు అనుమానంగా చూసింది. వీళ్లిద్దరూ ముందే కూడబలుక్కుని ఉంటారనుకుంది. ఓరిన్ అమాయకంగా మొహం పెట్టి పాచికలు వేశాడు. పడవలో గంటకు సరిపడా గాలి ఉందన్నాడు. ఇంకోసారి వేసి, కాదు, అరగంటేనన్నాడు.

డెల్మర్ గొంతు ముద్దగా మారింది. తల పగిలిపోతోందన్నాడు. అద్దాలన్నీ తెల్లబడ్డాయన్నాడు. తలుపు ఎంత నెట్టినా కదలడం లేదన్నాడు. వీడింత బాగా ఎప్పుడూ ఆడలేదని ఓరిన్ మురిసిపోయాడు. అర్లిస్‌కు నచ్చనిది అదే. నిరుడూ ఇంతే బాగా ఆడాడు మరి. గాలి అయిపోతే అయిపోనీ, తలుపు తీసేది లేదని ఆమె మైకు మీట నొక్కి తెగేసి చెప్పింది.

ఓరిన్ పాచికలు మళ్లీ చేతిలోకి తీసుకుని గలగలలాడించాడు. ఎక్కడో గొట్టంలో నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి.

"ఇంజను ఆపితే చలి... ఆపకపోతే పొగ లోపలికొస్తోంది. మంచు అద్దం దాటి పైకొచ్చేసిందక్కా."

ఓరిన్ చేతిలో పాచికలు ఆగిపోయాయి. అంతరిక్షంలో మంచేమిటి?

అర్లిస్ మైకు లాక్కుంది. "ఒరేయ్, ఇది ఆటేనా? ఆట కాకపోతే చెయ్యెత్తరా."

"ఎత్తే ఉంచానక్కా... ఎంతసేపట్నుంచో."

ఓరిన్ ఒక్క ఉదుటున మెట్లెక్కి ఫోను దగ్గరికి పరుగెత్తాడు. పైనుంచి అతని అరుపులు వినిపిస్తున్నాయి. బంకువాళ్ల మాట ప్రకారం డెల్మర్ పన్నెండింటికే అక్కణ్నుంచి బయల్దేరాడట. మంచు తీసే బండిని వెంటనే ఆ దారికి పంపమని ఓరిన్ ఎవరినో బతిమాలుతున్నాడు. ఇంజను ఆపెయ్యమని, అద్దం పగలగొట్టమని అర్లిస్ మైకులో ఏడుస్తూ చెప్పింది. మళ్లీ మళ్లీ పిలిచింది.

టక్.

ఆమె తల తిప్పింది. నేలమాళిగ చివర పెరట్లోకి మెట్లెక్కి వెళ్లే తలుపు. చలికాలమంతా దాని జోలికి ఎవరూ పోరు.

టక్... టక్.

తడి ఉన్ని వాసన వచ్చింది. అర్లిస్‌కు ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఈ వెధవ ఎక్కడో దగ్గర్లోనే ట్రక్కు ఆపుకుని ఇంతసేపూ ఏడిపించాడు! ఇప్పుడు పెరటి వైపు నుంచి వచ్చి తడుతున్నాడు! వాడు బతికే ఉన్నందుకు ఏడుపు, మళ్లీ మోసపోయినందుకు కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి. రెండు అంగల్లో వెళ్లి గడియ లాగింది. తలుపు లోపలికి తెరుచుకుంది.

ఎవరూ లేరు.

మనిషి నిలబడే చోటు కూడా లేదు. గుమ్మం నిండా, కింది నుంచి పైదాకా, మంచు గోడ. చదునుగా ఉంది. తలుపు చెక్కల అచ్చు తప్ప దాని మీద ఏ గుర్తూ లేదు. ఏ చెయ్యీ, ఏ కాలూ తగల్లేదు.

చల్లటి గాలి ఆమె భుజాన్ని ఒరుసుకుంటూ గదిలోకి వెళ్లింది.

అర్లిస్ వెనక్కి వెనక్కి నడిచి మైకు అందుకుంది. మీట నొక్కింది. "తలుపు తీశానురా. ఎక్కడున్నావు? ఇప్పుడు తట్టింది నువ్వే కదూ?"

మీట వదిలింది. పైన ఓరిన్ ఇంకా ఫోనులో అరుస్తూనే ఉన్నాడు.

"ట్రక్కులోనే ఉన్నానక్కా..." డెల్మర్ మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. "నువ్వు మాట్లాడుతుంటే... నీ పక్కనే ఇంకెవరో ఊపిరి తీస్తున్నారు. ఎవరికి తీశావు తలుపు?"